వంటింట్లో అర పైకి పోయింది

స్కార్వోయ ద్వీపం,
ఆగస్టు 28

మునిసిపాలిటీలో ఆరోగ్యం, ఇళ్లు, రోడ్లు మూడింటినీ ఒక్క కుర్చీలోంచే చూస్తున్న అర్విడ్ లుందె గారికి,

నమస్కారం. నా పేరు ఒడ్నీ క్వాల్‌వోగ్. వయసు డెబ్భై ఆరు. మన రేవులో చేపల తూకం దగ్గర ముప్పై అయిదేళ్లు పనిచేశాను. మీ తాతగారు పట్టుకొచ్చిన చేపల్ని తూచింది నేనే. తూచేటప్పుడు ఆయన మోచెయ్యి త్రాసు మీద ఆనించేవారు. పోయినవాళ్ల సంగతి ఇప్పుడు తవ్వను. కంప్యూటర్ ఉత్తరాలు నాకొద్దని రాసిచ్చాను కాబట్టి మీరు నాకు కాగితం మీదే జవాబివ్వాలి. అది చట్టం.

విషయానికొస్తాను. స్కార్వోయ ఎముకల సంఘానికి పదకొండేళ్లుగా నేనే అధ్యక్షురాలిని. సభ్యులం పదకొండు మందిమి, అందులో ముగ్గురికి ప్రస్తుతం కట్లున్నాయి. ముసలితనంలో తుంటి విరగ్గొట్టుకునే విషయంలో మన దేశాన్ని మించినవాళ్లు ప్రపంచంలో దాదాపు లేరట. మనవాళ్లేమో "మంచు కదా, జారింది" అని మంచును తిట్టి ఊరుకుంటారు. మంచు జారక ఇంకేం చేస్తుంది? విరిగేది ఎముక. లోపల అది గుల్లబారిపోతుంటే నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. పురుగు తొలిచిన పడవ చెక్క కూడా రంగు వేస్తే కొత్తదిలాగే ఉంటుంది. కాలు పెట్టినప్పుడే తెలుస్తుంది.

పోయిన ఫిబ్రవరిలో కోఆపరేటివ్ కొట్టు ముందున్న వాలులో నలుగురు ఆడవాళ్లు పడ్డారు. మీ ఇసుక బండి నలుగురూ పడ్డాక వచ్చింది. నాలుగో మనిషి మా అస్లౌగ్. నలభై ఏళ్లు రోజూ పదకొండింటికి నా వంటింట్లో కాఫీ తాగిన మనిషి. పాల ప్యాకెట్టు కోసం వెళ్లి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు అవతలి ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో మంచం మీదుంది. త్వరలో ఇంటికొచ్చేస్తానంటుంది. రాదని నాకూ తెలుసు, దానికీ తెలుసు.

పెద్దాసుపత్రి వాళ్ల దగ్గర ఎముకల బస్సు ఒకటుంది. లోపల బల్ల మీద పది నిమిషాలు పడుకుంటే చాలు, ఎముకల్లో గట్టిదనం ఎంతుందో యంత్రం చెబుతుంది. కత్తి లేదు, సూది లేదు. అక్టోబరు 20 ఎముకల దినం. ఆ రోజుకి ఆ బస్సును పడవెక్కించి మా ద్వీపానికి పంపించండి. నవంబరులో మంచు పడుతుంది. ఈసారి ఎవరి వంతో ఆ మంచు కంటే ముందు నాకు తెలియాలి. ఇంకో అస్లౌగ్‌ను రేవు దాకా సాగనంపే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
ఒడ్నీ క్వాల్‌వోగ్

తా.క.: మీ మునిసిపాలిటీ ఇచ్చిన ఈ ఇంట్లో వంటింటి గోడకున్న పై అర ఈ వేసవిలో ఎత్తయిపోయింది. మార్చిలో అస్లౌగ్ నీలం కప్పును నా చేత్తోనే అందులో పెట్టాను. ఇప్పుడు మునివేళ్ల మీద నిలబడినా అందడం లేదు. వానలకి చెక్క ఉబ్బింది కాబోలు. ఇది ఫిర్యాదు కాదు, మాటవరసకి రాస్తున్నాను.


మునిసిపల్ కార్యాలయం,
సెప్టెంబరు 9

గౌరవనీయులైన ఒడ్నీ క్వాల్‌వోగ్ గారికి,

మీ ఉత్తరం అందింది. కృతజ్ఞతలు. ఎముకల ఆరోగ్యం ఎంతో ముఖ్యమైన విషయమని మునిసిపాలిటీ ఎప్పటినుంచో భావిస్తోంది. ఎప్పటినుంచో కచ్చితంగా చెప్పలేను, ఆ ఫైలు కనబడటం లేదు.

బస్సు ఆరోగ్య విభాగం కిందికి వస్తుంది. ఆరోగ్య విభాగంలో కొత్త కోరిక ఏదైనా కమిటీ ముందు పెట్టాలి. కమిటీ అక్టోబరు రెండో వారంలో కూర్చుంటుంది. అప్పటికి కనీసం ముప్పై మంది పేర్లు పంపితే మీ కోరికను చర్చకు పెడతాను.

అర మాత్రం ఇళ్ల విభాగం కిందికి వస్తుంది. ఇళ్ల విభాగంలో ఏ ఇబ్బంది మా దృష్టికి వచ్చినా, మాటవరసకి వచ్చినా సరే, పద్నాలుగు రోజుల్లో మనిషిని పంపాలని నిబంధన. కాబట్టి మా వడ్రంగి హల్వర్ వచ్చే గురువారం మీ ఇంటికి వస్తాడు.

భవదీయుడు,
అర్విడ్ లుందె

తా.క.: ఒక ఉత్తరాన్ని ఒక ఫైల్లోనే పెట్టగలం. మీ ఉత్తరాన్ని అర ఫైల్లో పెట్టాను. అన్యథా భావించవద్దు.


స్కార్వోయ,
సెప్టెంబరు 20

అర్విడ్ గారికి,

నేను బస్సు అడిగితే మీరు వడ్రంగిని పంపారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాట్ట వెనకటికెవరో.

హల్వర్ వచ్చాడు. అరవై మూడేళ్లొచ్చినా మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. టేపు తీశాడు, కొలిచాడు, మీ దగ్గరున్న పాత ప్లాను చూశాడు, మళ్లీ కొలిచాడు. "నూట తొంభై ఆరు. ప్లానులోనూ నూట తొంభై ఆరే" అన్నాడు. చెక్క ఉబ్బలేదు, మేకు కదల్లేదు. మూడు కప్పులు కాఫీ తాగాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "ఏంటి హల్వరూ?" అంటే "ఏం లేదక్కా" అన్నాడు. ఆ మనిషితో అంతే.

ఇక పేర్లు. కొట్టు తలుపు మీద కాగితం అంటించి, పెన్సిలు దారంతో కట్టాను. పైన పెద్దక్షరాలతో "ఎముకల బస్సు వస్తోంది, పేరు రాయండి" అని రాశాను. మొదట ఒక్కరూ ముందుకు రాలేదు. నేనే కొట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పట్టుకున్నాను.

పక్కింటి బిర్గర్ ఎనభై ఒకటి దాటాడు. "నాకేం పిన్నీ, రాయిలా ఉన్నాను" అన్నాడు. నేను వాడికంటే అయిదేళ్లు చిన్న. అధ్యక్షురాలినయ్యాక ఊరంతటికీ పిన్నినైపోయాను. రేవు దగ్గరి టోర్‌ఫ్రిడ్‌కి రెండేళ్లలో రెండు మణికట్లు విరిగాయి. "నాకు ఎముకల జబ్బేంటి అక్కా, రెండుసార్లూ కుక్కే కదా లాగింది!" అంది. ఆ కుక్క పిల్లి అంత ఉంటుంది. "పాలు తాగుతాను", "చేప నూనె మానను", "మా వంశంలో లేదు", ఇవే జవాబులు. అందరికీ ఎముకల జబ్బంటే పక్కింటివాళ్లకి వచ్చేదే. అలా అనే హక్కు ఉంటే నాకే ఉండాలి. నేను రోజూ చెంచాడు చేప నూనె తాగుతాను, చలికాలంలో కూడా రెండు మైళ్లు నడుస్తాను, కాబట్టి నా సంగతి వేరు. వాళ్లు అలా అనడానికి ఏముంది?

అయినా వారం తిరిగేసరికి కాగితం నిండిపోయింది. నలభై రెండు మంది! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్ల చాకిరీ ఫలించిందనుకున్నాను. జాబితా జత చేస్తున్నాను. ఇక సాకులు చెప్పకండి.

ఇట్లు,
ఒడ్నీ

తా.క.: స్నానాల గదిలో అద్దం కూడా పైకి పోయింది. ఒకప్పుడు గడ్డం దాకా కనిపించేదాన్ని, ఇప్పుడు కళ్లూ నుదురూ మాత్రమే. ఈ వయసులో దానివల్ల నాకు నష్టమేమీ లేదు. అర సరిగ్గా ఉండి, అద్దమూ సరిగ్గా ఉంటే, నేల కుంగినట్టే కదా? తూకం మనిషిని, లెక్కగా ఆలోచిస్తాను. మళ్లీ వడ్రంగిని పంపితే మాత్రం కాఫీ పోయను.


మునిసిపల్ కార్యాలయం,
అక్టోబరు 1

గౌరవనీయులైన ఒడ్నీ గారికి,

జాబితా అందింది. నలభై రెండు పేర్లు చూసి నేనూ సంతోషించాను. తర్వాత పేర్ల పక్కన రాసినవి చదివాను.

వాఫుల్స్ అట్లు వేసేవారు పద్నాలుగు మంది. కార్లకు దారి చూపేవారు తొమ్మిది మంది (ద్వీపంలో కార్లు పన్నెండు). ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని బస్సెక్కించేవారు పదకొండు మంది, వాళ్లలో అందరికంటే చిన్నావిడకి డెబ్భై రెండు. జెండా ఎగరేసేవారు ఏడుగురు. అకార్డియన్, బిర్గర్ గారు. బల్ల మీద పడుకునేవారు ఒక్కరూ లేరు.

ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు అర్థమైంది. నేనూ ఆ ద్వీపంలోనే పుట్టాను. ఆ కొట్టు తలుపు మీద యాభై ఏళ్లుగా అంటించిన ప్రతి కాగితమూ శ్రమదానానిదే. చర్చికి రంగు వేయాలన్నా, రేవు శుభ్రం చేయాలన్నా అక్కడే పేర్లు రాస్తాం. ఆ తలుపు మీద కాగితం కనిపిస్తే మనవాళ్లకి తామేం చేసి పెట్టాలా అన్న ఆలోచనే వస్తుంది. తమకెవరైనా ఏమైనా చేసి పెడతారన్నది తట్టదు. జాబితాలో మొదటి పేరు మీదే. పక్కన "కాఫీ, వాఫుల్స్, మొత్తం పర్యవేక్షణ" అని రాశారు.

రోగులు లేకుండా కమిటీ ముందు పెట్టలేను. క్షమించండి.

నేల కుంగడం మాత్రం చాలా తీవ్రమైన విషయం. కొండవాలు ఇళ్ల సంగతి కాబట్టి నేరుగా పై అధికారులకి పంపాను. సోమవారం పడవలో ముగ్గురు ఇంజనీర్లు వస్తున్నారు. అప్పటిదాకా మీ వరసలోని నాలుగిళ్లవారూ బరువైన సామాన్లు గోడ పక్కన పెట్టవద్దని మనవి.

భవదీయుడు,
అర్విడ్ లుందె

తా.క.: పక్క ద్వీపంలో ఉంటున్న మా అమ్మ కూడా ఈమధ్య వంటింటి తొట్టి ఎత్తయిపోయిందని గొడవ చేస్తోంది. పీట వేసుకుని గిన్నెలు కడుగుతోంది. తడి గాలికి ఇళ్లన్నీ ఇలాగే అవుతున్నాయేమో. ఇంజనీర్లను అడుగుతాను.


స్కార్వోయ,
అక్టోబరు 13

అర్విడ్ నాయనా,

ఇక గారు అననందుకు ఏమీ అనుకోకు. కోపంలో నాకు మర్యాద నిలవదు.

ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. నా పెరట్లో ఎండు ద్రాక్షలాంటి నల్లపళ్ల పొద ఉండేది. అది ఇప్పుడు లేదు. అక్కడ ఆరు గోతులున్నాయి. బిర్గర్ నీ ఉత్తరం చదివి, పియానో బరువుకి ఇల్లు సముద్రంలోకి జారుతుందని దాన్ని నలుగురి చేత వీధిలోకి మోయించాడు. ఇప్పుడు వానలో దానికి గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. పేపర్లో "స్కార్వోయ మునిగిపోతోందా?" అని వేశారు. అవతలి ఒడ్డు నుంచి జనం టిఫిన్లు కట్టుకుని చూడటానికొస్తున్నారు.

ఆదివారం నా పెరట్లో అరవై మంది! పదకొండేళ్లలో నా ఉపన్యాసానికి వచ్చిన జనమంతా కలిపినా అంతమంది ఉండరు. వదులుతానా? పాలడబ్బా మీదెక్కి మొదలుపెట్టాను. "ఎముకకి చిన్నప్పుడు వేసిన పునాదే పెద్దయ్యాక దిక్కు. పిల్లల్ని బరువులెత్తనివ్వండి, గెంతనివ్వండి. పాలు, చేప, ఎండ, నడక మానకండి. ఆడవాళ్లకి ముట్లుడిగాక ఎముక తొందరగా కరుగుతుంది. చిన్న దెబ్బకే మణికట్టు విరిగితే అది మీ ఎముక రాసిన మొదటి ఉత్తరం, చింపెయ్యకండి. ఏడాదికోసారి గుమ్మానికి ఆని ఎత్తు కొలుచుకోండి. నాలుగు సెంటీమీటర్లు తగ్గితే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి, పడకుండా!" అన్నాను. ఆ కరపత్రం రాసింది నేనే. మూడొందల కాపీలు పంచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. "చాలా బాగా చెప్పావక్కా, మా అత్తగారికి తప్పకుండా చెబుతాను" అంది టోర్‌ఫ్రిడ్, విరిగిన చేత్తో వాఫులు పట్టుకుని. ఆ తర్వాత అందరూ గోతులు చూడటానికి వెళ్లిపోయారు. చెవిటివాళ్ల ముందు శంఖం ఊదినా నయమే, వాళ్లు చప్పట్లు కొట్టరు.

నాకు విసుగొచ్చింది నాయనా. నేలకి ముగ్గురు ఇంజనీర్లు, చెక్కకి ఒక వడ్రంగి. మనిషి ఎముకకి మాత్రం ఎవరూ లేరు. బుధవారం అస్లౌగ్‌ను చూసొచ్చాను. మంచం మీద పిట్టంత అయిపోయింది. "నా కప్పు జాగ్రత్తగా ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. అందడం లేదని చెప్పలేదు.

ఇట్లు,
గోతుల పక్కన బతుకుతున్న ఒడ్నీ

తా.క.: పోయిన వారం మేనకోడలి మనవరాలి బాప్తిస్మానికి మన పండగ దుస్తులు వేసుకుని చర్చికి వెళ్లాను. పావడా అంచు నేల మీద ఈడుస్తోంది! నా కాలే దానిమీద పడి పాస్టరుగారి ఒళ్లో పడబోయాను. నలభై ఏళ్ల నాటి ఉన్ని పావడా, సాగిందన్నమాట. ఏప్రిల్లో వాఫుల్స్ పెనం ఎత్తినప్పుడు కలుక్కుమన్న నడుం ఇంకా కుదుటపడలేదు, అదొక తోడు. ఇదంతా చదివి దర్జీని పంపావంటే నీ ఆఫీసుకొచ్చి కూర్చుంటాను.


మునిసిపల్ కార్యాలయం,
అక్టోబరు 27

గౌరవనీయులైన ఒడ్నీ గారికి,

రెండు సంగతులు, రెండూ మంచివి కావు.

మొదటిది. మీ ఉపన్యాసం సంగతి పేపర్లో చదివి, నిబంధన లేకపోయినా కమిటీ ముందు బస్సు మాట ఎత్తాను. ఏప్రిల్ దాకా బస్సు ఖాళీ లేదట. మంచు ఏప్రిల్ దాకా ఆగదని అన్నాను. ఆ మాటను మినిట్స్‌లో నమోదు చేశారు. అంతకుమించి ఏమీ జరగలేదు.

రెండోది. ఇంజనీర్ల నివేదిక వచ్చింది, ఎనభై పేజీలు, ఒక కాపీ జత చేస్తున్నాను. మీ ఇల్లున్నది ఏకశిల మీద. అది కుంగలేదు. పైగా మన తీరంలో నేల ఏటా పిసరంత పైకి లేస్తోందట. మీ ఇంటి నేల సమంగా ఉంది. గోడలు నిటారుగా ఉన్నాయి. అద్దం మేకు మొదట కొట్టినచోటే ఉంది. పియానోను లోపల పెట్టుకోవచ్చని బిర్గర్ గారికి చెప్పండి. మీ పళ్ల పొదకి చింతిస్తున్నాను.

కానీ నా ఫైలు మూయడానికి వీల్లేకుండా ఉంది. ఫారంలో "ఏది మారింది?" అన్న గడి ఉంది. అర మారలేదు, అద్దం మారలేదు, నేల మారలేదు. ఆ గడిలో ఏదో ఒకటి రాస్తే తప్ప ఫైలు కిందికి దిగదు. హల్వర్‌ను పిలిచి అడిగాను. వాడు చాలాసేపు టోపీ నలిపి, "ఒక్కటి కొలవలేదండీ. ఆ రోజే కొలవాల్సింది. నోరు రాలేదు" అన్నాడు. ఏమిటంటే చెప్పలేదు. శనివారం మీ ఇంటికి వస్తానంటున్నాడు. కాఫీ పోయకపోయినా ఫర్వాలేదట.

భవదీయుడు,
అర్విడ్

తా.క.: ఈ కుర్చీలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఎన్నో ఫైళ్లు మూశాను. ఒక్క బస్సును కూడా పంపలేదు. ఇది ఆఫీసు మాట కాదు. పోతే, మా అమ్మ కిటికీ తెరలు కూడా పెరిగి నేల మీద పడుతున్నాయని కత్తిరించుకుంటోంది. మీ పావడా సంగతి చెబితే ఫోన్లో పడీపడీ నవ్వింది. నవ్వితే నడుం పట్టేసిందట.


స్కార్వోయ,
నవంబరు 9

అర్విడ్ నాయనా,

ఈ ఉత్తరం పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించు.

హల్వర్ శనివారం వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, చెప్పులు విప్పు" అన్నాడు.

"ఎందుకు?"

"విప్పి ఇలా వచ్చి నిలబడు."

వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. మొదటి ఎముకల దినం నాడు, పదకొండేళ్ల కిందట, పేపరువాళ్లు ఫొటో తీయడానికని అస్లౌగ్ నన్ను అదే గుమ్మానికి ఆనించి కొలిచింది. ఆ పెన్సిలు గీత ఇంకా ఉంది. పక్కనే దాని చేతిరాత: "ఒడ్నీ, 166. అధ్యక్షురాలు, నిటారు." హల్వర్ నా తల మీద చెక్కముక్క పెట్టి కొత్త గీత గీశాడు. పక్కకి జరిగి చూశాను. నాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరో పిల్లదాని గీత అనుకున్నాను.

"నూట యాభై తొమ్మిది" అన్నాడు.

"నీ టేపు తప్పు" అన్నాను.

"అర కొలిచినప్పుడు తప్పనలేదుగా అక్కా."

ఏడు సెంటీమీటర్లు నాయనా. నాలుగు తగ్గితే డాక్టరు దగ్గరికి పరిగెత్తమని మూడొందల ఇళ్లకి కాగితాలు పంచినదాన్ని. ముప్పై అయిదేళ్లు ఒక్క చేపను తూకం తప్పనివ్వనిదాన్ని. పదకొండేళ్లుగా ఊళ్లో ఆడవాళ్లందరినీ గుమ్మాలకి ఆని నిలబడమని వెంటపడ్డాను, ఒక్కసారి కూడా నేను నిలబడలేదు. పెన్సిలు నా చేతిలో ఉంది కదా మరి. దీపం కింద చీకటి అంటే విని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

హల్వర్ వెళ్లకుండా కూలబడ్డాడు. కాఫీ పోశాను. వాడు జీవితంలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. "నాలుగేళ్ల కింద నా పని బల్ల ఎత్తయిపోయిందక్కా. కాళ్లు రంపంతో కోసేశాను. పోయినేడు మళ్లీ ఎత్తయింది. మళ్లీ కోశాను. నీ అర కొలిచి ఇంటికెళ్లి, ఆ బల్ల చూశాక నాకు చెమటలు పట్టాయి" అన్నాడు. మగవాడు కదా, తనకు రాదనుకున్నాడు. వాణ్ణి కూడా నిలబెట్టి కొలిచాను. సంఖ్య రాయను, వాడు సిగ్గుపడతాడు.

మంగళవారం ఇద్దరం పడవలో ఆసుపత్రికి వెళ్లాం. నా వెన్నులో మూడు పూసలు కుంగాయి. ఏప్రిల్లో పెనం ఎత్తినప్పుడు ఒకటి, తక్కినవి ఎప్పుడో తెలియదు. దగ్గినప్పుడో, మంచం పరిచినప్పుడో, ఎముకల మీద ఉపన్యాసం ఇచ్చినప్పుడో. పోయిన ఎత్తు తిరిగి రాదట. ఇకముందు కుంగకుండా మందుంది. "చేప నూనె తాగుతాను, నడుస్తాను, నాకెందుకొచ్చింది?" అని అడిగాను డాక్టరమ్మని. అడుగుతుంటేనే నా గొంతులో టోర్‌ఫ్రిడ్ గొంతు వినబడింది. "అవి చేయబట్టే ఇన్నాళ్లు నిలబడ్డారు. కానీ అవి చేస్తున్నామని కొలిపించుకోవడం మానకూడదు. ముందే వచ్చుంటే మొదటి పూసతోనే ఆపేవాళ్లం" అందామె. మెల్లగానే అంది. తిట్టినా బాగుండేది.

హల్వర్ కొట్టు దగ్గర చెప్పేసినట్టున్నాడు. బుధవారం పొద్దున జాబితాలోని జనం నాకు సాయం చేస్తామని వచ్చారు. సూపు గిన్నెలతో వంటిల్లు నిండిపోయింది. వాళ్లకి తెలిసింది సాయం చేయడం ఒక్కటే కదా. నేను మంచం మీంచే అన్నాను: "నాకు సాయం కావాలంటే ఒక్కటే ఉంది. ఒక్కదాన్నే ఆ గుమ్మానికి ఆని నిలబడ్డానని నాకు సిగ్గుగా ఉంది. నాకు తోడు నిలబడండి." ఆ మాటకి లొంగారు. రోగులుగా కాదు, నాకు తోడుగా. చెప్పులు విప్పి, వరసలో నిలబడి, ఒకరి తరవాత ఒకరు. పాత పెళ్లి ఫొటోలూ, పాస్‌పోర్టులూ తెచ్చి, ఒకప్పటి ఎత్తు సరిచూసుకున్నారు. బిర్గర్ మాత్రం గుమ్మమే వంకరన్నాడు. ఎనభై పేజీల నివేదిక చూపించాను, అది సమంగా ఉందని అందులో ఉంది కదా. నీ ఇంజనీర్లు ఆ ఒక్కదానికి పనికొచ్చారు.

పదమూడు మంది నాలుగు సెంటీమీటర్లకి పైనే తగ్గారు. అందరూ ఊళ్లో పొడుగువాళ్లమనుకుంటున్నవాళ్లే. సూపు చల్లారిపోయింది. ముప్పై ఒక్క పేర్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఈసారి పక్కన వాఫుల్స్ లేవు. మొదటి పేరు నాదే. పక్కన "బల్ల మీద" అని రాశాను.

కానీ బస్సు ఏప్రిల్లో. ఈ పొద్దున కిటికీలోంచి చూస్తే కొట్టు ముందు వాలు తెల్లగా మెరుస్తోంది. మీ ఇసుక బండి జాడ లేదు. నాకు చేతనైంది ఇంతే నాయనా. ఇక నీ వంతు.

అర ఫైలు మూసెయ్యి. "ఏది మారింది?" అన్న గడిలో "ఒడ్నీ" అని రాయి. నిన్న హల్వర్ వచ్చి అరను సరిగ్గా ఏడు సెంటీమీటర్లు కిందికి దించాడు. ఇప్పుడు అస్లౌగ్ కప్పు చేతికందుతోంది. శుక్రవారం పొద్దున ఆశ్రమం నుంచి ఫోనొచ్చింది, అది నిద్రలోనే వెళ్లిపోయిందట. ఇవాళ పదకొండింటికి ఆ కప్పు దించి కాఫీ పోశాను. నేనే తాగాను.

ఇట్లు,
ఒడ్నీ క్వాల్‌వోగ్, 159

తా.క.: మీ అమ్మగారి తెరలు పెరగలేదు నాయనా. తొట్టి ఎత్తూ మారలేదు. క్రిస్మస్ దాకా ఆగకు, వచ్చే పడవకే వెళ్లు. పెన్సిలు పట్టుకెళ్లు. పీట మాత్రం ముందు తీసి దాచెయ్యి.